సర్కారుకు పసుపు అమ్మాలంటే



ఆర్మూరు అనగానే పసుపు గుర్తుకు వస్తుంది మీకు. జనవరి వచ్చిందంటే చాలు, మా చుట్టుపక్కల ఊళ్లలో పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కళ్లాల్లో ఆరబోయడం, మార్చి దాకా అదే సందడి. కొమ్ములు వేరు, మండలు వేరు చేసి నిజామాబాదు గంజికి బస్తాలు ఎత్తుతారు. ధర కోసం, బోర్డు కోసం ఈ జిల్లా రైతులు 2019 లోక్‌సభ ఎన్నికల్లో నూటడెబ్బై మందికి పైగా తామే పోటీకి నిలబడ్డ సంగతి మీరు పేపర్లలో చదివే ఉంటారు. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న మొదలైంది. ఆ జూన్‌లోనే నిజామాబాదులో దాని ప్రధాన కార్యాలయం తెరిచారు.

అది రైతుల సంగతి. నేను చెప్పబోయేది ఆ పసుపును కొని, గిర్నీ పట్టించి, జల్లించి, పొట్లాలు కట్టి అమ్మే ఆడవాళ్ల సంగతి. పది మంది కలిసి సంఘం పెట్టుకుని ఈ పని చేసేవాళ్లు మా వైపు చాలామందే ఉన్నారు. పట్నంలో మీలోనూ కారప్పొడి, సాంబారు పొడి, పచ్చళ్లు చేసి అమ్మేవాళ్లు ఉంటారు. ఇరుగు పొరుగుకు, పెళ్లిళ్లకు, కిరాణా కొట్టుకు అమ్ముతాం. అక్కడితో ఆగిపోతాం.

మా వీధిలో ఒకావిడ నన్నే అడిగింది: "వదినా, సర్కారు దవాఖానలో వండుతారు, హాస్టల్లో వండుతారు, జైల్లోనూ వండుతారు. వాళ్లందరికీ పసుపు కావాలి కదా. ఊళ్లో పసుపు పెట్టుకుని వాళ్లు ఎక్కడో కొంటారేం?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు టెండరు కాగితంలో ఉంది. ఆ కాగితం చదవడం రానంత కాలం మన పసుపు ఎంత మంచిదైనా మన గడప దాటదు.

టెండరులో ధర ఒక్కటే చూస్తారని చాలామంది అనుకుంటారు. కాదండీ. రెండు కవర్లు ఉంటాయి. ఇప్పుడు కంప్యూటర్లోనే అనుకోండి, అయినా కవరనే అంటారు. మొదటిది సాంకేతిక కవరు: మీరు ఎవరు, మీ సరుకు ఏ రకం, మీ దగ్గర ఏయే పత్రాలున్నాయి అన్నది. అది నెగ్గితేనే రెండో కవరు, అంటే ధర కవరు విప్పుతారు. మొదటి కవరులో ఒక్క కాగితం లేకపోతే మీరు అందరికంటే తక్కువ రాసినా ఆ ధర ఎవరూ చూడరు. పెళ్లిచూపులకు వచ్చి జాతకం దగ్గరే లేచిపోయినట్టు!

ఈ మొదటి కవరు షరతులు సరుకును బట్టి మారుతాయి. చీపుర్లకు అడిగేది వేరు, దుప్పట్లకు అడిగేది వేరు, తిండి వస్తువులకు అడిగేది వేరు. కాబట్టి దుప్పట్ల టెండరు వేసినవాళ్ల సలహా విని పసుపుకు వేయకండి.

పసుపు పొడికి మొదట కావలసింది ఆహార భద్రత శాఖ వారి నంబరు, 14 అంకెలు. చిన్న వ్యాపారమైతే రిజిస్ట్రేషన్, పెద్దదైతే లైసెన్సు. కొన్ని టెండర్లలో రిజిస్ట్రేషన్ చాలదు, లైసెన్సే కావాలని ఉంటుంది. ఆ పంక్తి వేలు పెట్టి చదవాలి. కొన్నింటిలో అగ్‌మార్క్ అడుగుతారు. అగ్‌మార్క్ అందరికీ తప్పనిసరి కాదు గాని, టెండరులో రాస్తే ఆ టెండరుకు తప్పనిసరే. ముద్ర కొట్టుకుంటే వచ్చేది కాదది. కేంద్ర మార్కెటింగు శాఖ దగ్గర అనుమతి పొందాలి, సరుకు ఒప్పుకున్న ల్యాబులో పరీక్ష కావాలి. టెండరు పడ్డాక పరుగెత్తితే అందదు.

ఇక ల్యాబు రిపోర్టు. ఇది చూసి భయపడతారు గాని, ఇందులో ఉన్నదంతా మన వంటింటి విషయమే. పసుపు పొడిలో తేమ 10 శాతం మించరాదు. కొమ్ములు సరిగ్గా ఎండకుండా గిర్నీకి వేస్తే పొడి ఉండ కడుతుంది, బూజు పడుతుంది. దాని లెక్కే అది. మొత్తం బూడిద 9 శాతానికి, అందులో ఆమ్లంలో కరగనిది ఒకటిన్నర శాతానికి మించకూడదు. ఆ కరగనిది ఇసుకా, మన్నూ అన్నమాట. కళ్లంలో నేల మీదే ఆరబోసి, మెరుగు పట్టకుండా విసిరితే ఇక్కడ దొరికిపోతారు. పిండి పదార్థం 60 శాతం లోపు ఉండాలి. పసుపులో సహజంగానే పిండి ఉంటుంది, బియ్యప్పిండి కలిపితే అది పెరుగుతుంది. రంగునిచ్చే కుర్‌కుమిన్ జాతి పదార్థాలు 2 శాతానికి తగ్గరాదు. లెడ్ క్రోమేట్ అసలే ఉండకూడదు. అది పచ్చగా మెరిసే సీసపు రంగు, పిల్లల మెదడుకు విషం. హాస్టలు పిల్లలు తినే పప్పులో పడే పసుపు కాబట్టి ఈ షరతును తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కాగితాల బాధ కాగితాల బాధే, ఈ పరీక్ష మాత్రం ఉండవలసిందే.

సరుకు సంగతి అలా ఉంచి, మన సంగతికి వద్దాం. చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వం 2012లో ఒక కొనుగోలు విధానం తెచ్చింది. కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాదికి కొనే సరుకుల్లో, సేవల్లో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. మొదట 20 ఉండేది, తర్వాత పెంచారు. ఆ పాతికలో 4 శాతం ఎస్.సి., ఎస్.టి. వారివి, 3 శాతం మహిళలవి. వీళ్లకు టెండరు ఫారాలు ఉచితం. ధరావతు సొమ్ము కట్టనక్కర లేదు. మామూలుగా టెండరు విలువలో 2 నుంచి 5 శాతం దాకా ధరావతు అడుగుతారు. పది మంది పొదుపు డబ్బుతో నడిచే సంఘానికి అది చిన్న మాట కాదు. గెలిచాక కట్టే సెక్యూరిటీకి కూడా ఈ మినహాయింపు వర్తిస్తుందని మాత్రం అనుకోకండి. అది వేరు.

ధరలోనూ ఒక వెసులుబాటు ఉంది. ఉదాహరణకు అందరికంటే తక్కువ రాసింది ఒక పెద్ద కంపెనీ, కిలో 200 రూపాయలు అనుకుందాం. మీరు 225 రాశారు. తక్కువ ధర మీద 15 శాతం లోపల, అంటే 230 లోపల ఉన్నారు గనుక, "200కే ఇస్తారా?" అని మిమ్మల్ని అడుగుతారు. సరేనంటే కొంత భాగం మీకు ఇవ్వాలి. ఒప్పుకునే ముందు కూర్చుని లెక్క వేసుకోండి. గిర్నీలో పోయే తరుగు, జల్లెడలో మిగిలే నార, పొట్లం ఖర్చు, లారీ కిరాయి, పన్ను అన్నీ పోను 200లో మీకు మిగిలేదేమిటి? మిగలదనిపిస్తే వద్దనడానికి సిగ్గుపడనక్కర లేదు.

ఈ సౌకర్యాలన్నిటికీ తాళంచెవి ఉద్యమ్ రిజిస్ట్రేషన్. 2020 జూలై నుంచి ఉంది, పూర్తిగా ఉచితం. డబ్బడిగే దళారి కనిపిస్తే దండం పెట్టి పంపించండి. దీనిలోనే ఒక చిక్కుంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు. ఈ విధానం తయారు చేసేవారికే గాని కొని అమ్మేవారికి కాదు. మీరు కొమ్ములు కొని పొడి పట్టిస్తే తయారీదారులు. వేరొకరి పొడి బస్తా కొని పొట్లాలు కట్టి అమ్మితే వ్యాపారులు. ఉద్యమ్ కాగితం ఉన్నా ధరావతు మినహాయింపు రాదు. అందుకే రిజిస్ట్రేషన్‌లో పని రకం దగ్గర "వ్యాపారం" అని రాయించుకోకండి. మసాలా దినుసులు పొడి చేయడానికి ప్రత్యేక సంఖ్య ఉంది, 10795. ఆ సంఖ్య వేయించుకోండి. మీసేవలో కుర్రాడు తొందరలో ఏదో ఒకటి నొక్కేస్తాడు, పక్కనే నిలబడి చూడాలి.

మహిళల కోటా అంటే పేరు మహిళది ఉంటే చాలదు. ఒక్కరి వ్యాపారమైతే యజమాని ఆవిడే కావాలి. భాగస్వామ్యమైతే కనీసం 51 శాతం వాటా ఆడవాళ్లది కావాలి. పేరు ఇల్లాలిది, చెక్కు మీద సంతకం ఇంటాయనది, లెక్కలు మరిదివి అన్న సంసారాలు మనం చూడనివి కావు. కాగితం మీద ఆ కోటా నిండినట్టే ఉంటుంది. పనిచేసే ఆడదానికి దక్కేది పసుపు చేతులే. సంఘంగా వేస్తే సంఘం పేరునే పాన్, సంఘం పేరునే బ్యాంకు ఖాతా ఉండాలి, మూడింటిలోనూ పేరు అక్షరం తేడా లేకుండా.

కేంద్రం వారి కొనుగోళ్లు ఎక్కువగా 2016లో మొదలైన జెమ్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ బజారులో జరుగుతాయి. మహిళల సరుకు కోసం 2019లో వోమనియా పేరిట అందులో ఒక విభాగం కూడా పెట్టారు. అక్కడ సరుకు ఎక్కించేటప్పుడు మీ పసుపును సరైన వర్గంలోనే పెట్టాలి. పొడిని కొమ్ముల వర్గంలో పెడితే పొడి కావలసిన ఆఫీసరుకు మీరు కనిపించరు. సరుకు ఎంతవరకు దేశీయమో కూడా రాసివ్వమంటారు. సగం, ఆ పైన మన దేశంలో తయారైతే మొదటి తరగతి. ఆర్మూరు చేలో పండింది కాదా, ఇంకేం రాయాలి అని ఖాళీ వదిలేయకండి. వదిలేస్తే లేనట్టే లెక్క.

రాష్ట్ర ప్రభుత్వ హాస్టళ్లు, గురుకులాల సంగతి వేరు. ఆ కేంద్ర విధానం రాష్ట్ర శాఖలను కట్టివేయదు. తెలంగాణ టెండర్ల పోర్టల్లో డిజిటల్ సంతకంతో వేయాలి, మినహాయింపులు ఆ టెండరులో రాసినన్నే. మూడేళ్ల టర్నోవరు ఇంత ఉండాలి, ఇదివరకు సర్కారుకు ఇంత సరఫరా చేసి ఉండాలి అనే షరతులు అక్కడే ఎదురవుతాయి. మొదటిసారి వేసేవాళ్లకు అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? సర్కారే తలుచుకుంటే దారి ఉంటుందనడానికి 2024లో బడిపిల్లల యూనిఫారాలు కుట్టే పని మన రాష్ట్రంలో మహిళా సంఘాలకే ఇవ్వడం చూశాం.

షరతు మరీ అన్యాయమైతే నోరు మూసుకోనక్కర లేదు. అంగన్‌వాడీల ఆహార సరఫరాకు కాంట్రాక్టర్లను వాడవద్దని, సంఘాలను, మహిళా మండళ్లను వాడమని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. అయినా మహారాష్ట్రలో 2016లో పిలిచిన టెండర్ల షరతులు చిన్న సంఘాలకు అందకుండా ఉన్నాయని మహిళా సంఘాలు కోర్టుకెక్కాయి. 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ టెండర్లు రద్దు చేసి మళ్లీ పిలవమంది. అంత దూరం వెళ్లక ముందే టెండరు వేసేవారి సందేహాలకు ఒక గడువు ఇస్తారు. "ఈ టర్నోవరు షరతు చిన్న పరిశ్రమలకు సడలిస్తారా?" అని ఆ గడువులోగా రాతపూర్వకంగా అడగండి. ఫోనులో అడిగితే మాట గాలికి పోతుంది.

బిల్లు సంగతి కూడా ఒక మాట. ఉద్యమ్ ఉన్న తయారీదారులకు సరుకు ఒప్పుకున్నాక 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టం. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, చక్రవడ్డీ. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానికి సరుకు అందినట్టు తేదీతో, సంతకంతో రసీదు కావాలి. స్టోరు కీపరు "రేపు ఇస్తానమ్మా" అంటే ఆ రేపటిదాకా అక్కడే కూర్చోండి.

బడులు, హాస్టళ్లు జూన్‌లో తెరుచుకుంటాయి. కొత్త పసుపు గంజికి వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా. ఉద్యమ్, ఆహార లైసెన్సు, అగ్‌మార్క్ అనుమతి సంక్రాంతికల్లా చేతిలో పెట్టుకుని, కొత్త సరుకులోంచి బాగా ఎండిన కొమ్ములు ఏరి, ఒక కిలో పొడి పట్టించి ల్యాబుకు పంపండి. తేమ 10 దాటిందని వస్తే మళ్లీ ఎండబెట్టుకోవడానికి మన ఎండలు అప్పటికి ముదురుతూనే ఉంటాయి.