గుండెదడకు శీతల చికిత్స

రాత్రి షిఫ్టులో మా సహోద్యోగి ఒకరికి ఉన్నట్టుండి గుండెదడ మొదలయ్యేది. నాడి నిమిషానికి 180 దాటేది. కొంతసేపటికి దానంతటదే ఆగిపోయేది. గ్యాస్ కాబోలునని ఆయనా, మేమూ చాలాకాలం సరిపెట్టుకొన్నాము. దడ ఉన్న సమయంలోనే ఇ.సి.జి. తీయించిన నాడు గాని అసలు సంగతి బయటపడలేదు.

గుండె కూడ ఒక విద్యుత్ వ్యవస్థయే. పై గదుల నుండి క్రింది గదులకు సంకేతాన్ని అందించే ఏ.వి. నోడ్ అనే కూడలి వద్ద కొందరికి రెండు దారులుంటాయి. సంకేతం నిదానపు దారిన దిగి, వేగపు దారిన తిరిగి ఎక్కి, గానుగెద్దువలె అక్కడక్కడే తిరుగనారంభిస్తే గుండె పరుగందుకొంటుంది. నిదానపు దారిని మూసివేయడమే దీనికి శాశ్వత పరిష్కారం.

తొడవద్ద సిర ద్వారా కాథెటర్‌ను గుండెలోనికి పంపి, రేడియో తరంగాల వేడితో ఆ దారిని మాడ్చివేయడం 1990 దశకం నుండి వాడుకలో ఉన్నది. ఫలితాలు ఉత్తమమైనవే. అయితే అసలు కూడలి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే ఉన్నది. దానికి వేడి సోకితే జీవితాంతం పేస్‌మేకర్ అవసరం కావచ్చును. ఈ ప్రమాదం సుమారు నూటికి ఒకరికే. కాని ఆ ఒక్కరు మన ఇంటివారైతే?

ఇక్కడే శీతల పద్ధతి అక్కరకు వస్తుంది. కాథెటర్ కొనకు ద్రవరూప నైట్రస్ ఆక్సైడ్‌ను పంపుతారు. మన ఇంటి ఫ్రిజ్‌లో వలెనే, అది ఆవిరవుతూ పరిసరాల వేడిని గ్రహిస్తుంది. వాయువు గొట్టంలోనే వెనుకకు వచ్చేస్తుంది. మొదట సున్నాకు 30 డిగ్రీల దిగువకు చల్లబరచి చూస్తారు. ఆ చలికి కణజాలం మొద్దుబారుతుందే గాని చనిపోదు. కూడలికి హాని సూచన కనిపిస్తే వెంటనే ఆపివేస్తారు; కణజాలం తిరిగి కోలుకొంటుంది. అంతా సవ్యమనుకొంటేనే 70, 80 డిగ్రీల దిగువకు దించి, సుమారు 4 నిమిషాలు ఉంచుతారు. ట్రయల్ చూడనిదే యంత్రాన్ని అప్పగించని మావంటి ఇంజనీర్లకు ఈ జాగ్రత్త ఎంతో నచ్చుతుంది.

లోపం లేకపోలేదు. వేడి పద్ధతికన్నా దీనిలో దడ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. వైద్యులు రెండు మార్గాలనూ వివరించగా, "దడ మళ్ళీ వస్తే మళ్ళీ చేయించుకోవచ్చు. కూడలి పోతే తిరిగి రాదు గదా!" అని మా మిత్రుడు చలినే ఎంచుకొన్నారు. ఏడాది లోపున దడ తిరిగి వచ్చినది, రెండవసారి చేయించుకొన్నారు. ఇప్పుడు నిశ్చింతగా షిఫ్టులకు వస్తున్నారు.

దడ వచ్చినపుడు గ్యాస్ అనుకొని ఊరకుండరాదు. అది ఉండగానే ఇ.సి.జి. తీయించండి. కళ్ళు తిరిగినా, ఛాతీ నొప్పి కలిగినా తక్షణమే ఆసుపత్రికి వెళ్ళండి. మేము చేసిన ఆలస్యం మీరు చేయవద్దని మా మనవి.