రెండు సంతల నడుమ మన ధర్మపురి

పాలక్కోడు వైపు రైతు టమాటా కోయించి పెట్టెలకెత్తించిన తరువాత కూడ ఆ బండి యే దిక్కుకు పోవలసినదో నిశ్చయించుకోడు. రాత్రి భోజనమైన తరువాత రెండు వూళ్ళకు ఫోను చేస్తాడు. సేలంలో ధర పలికితే తొప్పూరు కనుమ దిగి దక్షిణానికి, బెంగుళూరులో పలికితే కృష్ణగిరి, హోసూరు మీదుగా ఉత్తరానికి. పట్టుగూళ్ళ రైతు సంగతీ అంతే. ధర్మపురిలోనే ప్రభుత్వ గూళ్ళ మార్కెట్టు వున్నా, కర్ణాటకలోని రామనగరం ధర కనుక్కోనిదే గంప యెత్తడు. మామిడి తోటవారికి మూడవ దిక్కు కూడ వున్నది. కుప్పం దాటితే చిత్తూరు జిల్లా గుజ్జు ఫ్యాక్టరీలు వున్నవి గదా.

రెండు సంతల నడుమ కాపురమున్న వారికి లాభమున్నది, చిక్కూ వున్నది. ఒక సంత చెడితే రెండవది ఆదుకుంటుంది. అది లాభం. యెవరైనా యెక్కడో కూర్చుని నడుమ ఒక గీత గీస్తే, ఆ గీత సరిగా మన గుమ్మం ముందు పడుతుంది. అది చిక్కు. యీ వ్యాసంలో మేము చెప్పదలచినది ఆ గీతను గురించే.

గీత కొత్తది కాదు. 1792లో శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహలును ఇంగ్లీషు కంపెనీవారికి విడిచిపెట్టి వెనుకకు తగ్గినాడు. ధర్మపురి, కృష్ణగిరి కంపెనీ చేతికి వచ్చినవి. హోసూరు మాత్రం టిప్పు వద్దనే నిలిచింది. 1799లో ఆయన మరణించి అది కూడ కంపెనీకి దక్కేవరకు, అంటే యేడేండ్లు, పరరాజ్యపు సరిహద్దు మనకూ హోసూరుకూ మధ్య వుండినది. ఆ కాలంలో కెప్టెన్ రీడ్ క్రింద సహాయకుడుగా ధర్మపురిలో కాపురం చేసినవాడే, తరువాత మద్రాసు గవర్నరయిన థామస్ మన్రో. టిప్పు పోయినా దారి సుంకాలు పోలేదు. మద్రాసు రాజధానిలో వాటిని తీసివేసినది 1844లో.

తరువాత వంద సంవత్సరాలకు పైగా మనవారు గీత సంగతి మరచినారు. మైసూరు సంస్థానం ప్రక్కనే వున్నా, చిత్తూరు, సేలం, ధర్మపురి అన్నీ ఒకే మద్రాసు క్రింద వుండేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడి మద్రాసు నుండి తొలగిపోయింది. పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణ ఫలమది. దానికి సంతోషించని తెలుగువాడు లేడు. అయితే తొలగిపోయినవారు తొలగిపోగా, ఇవతల మిగిలినవారము మనము. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో మైసూరు సరిహద్దు కూడ కొత్త బలం తెచ్చుకున్నది. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాలు సరిహద్దు సర్దుకున్నప్పుడు తిరుత్తణి మద్రాసుకు వచ్చింది, మన సేలం జిల్లాలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు పోయినవి. అప్పటికి ధర్మపురి వేరు జిల్లా కాదు, 1965 అక్టోబరు 2న అయినది. కృష్ణగిరి విడిపోయినది 2004లో.

భూమి సర్దుబాటు సంగతి అందరికీ జ్ఞాపకమే. సరుకు సంగతే యెవరూ వ్రాయరు. దేశంలో మొట్టమొదట సాధారణ అమ్మకపు పన్ను వేసినది 1939లో మద్రాసు ప్రభుత్వం. వేసిన ప్రధాని రాజాజీ, హోసూరు పక్కన తొరపల్లిలో పుట్టినవారు. 1937 అక్టోబరు 1న మద్యనిషేధం మొదలుపెట్టినదీ మన సేలం జిల్లాలోనే. కల్లు, సారాయి మీద పోయిన రాబడిని పూడ్చుకొనటానికి యీ పన్ను వచ్చింది. మద్రాసు ఒకటిగా వున్నంతకాలం చిత్తూరు వర్తకునికీ ధర్మపురి వర్తకునికీ చట్టమొకటే. విడిపోయిన తరువాత యెవరి చట్టం వారిది, యెవరి పన్ను వారిది. ఒకే సరుకు మీద రెండు రాష్ట్రాలు పన్ను వేయవచ్చునా అనే వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా పోయి, 1956లో రాజ్యాంగాన్ని సవరించి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం చేసినారు. మొదట నూటికి ఒక రూపాయి. క్రమంగా నాలుగు దాకా పెరిగింది. ఆ చట్టంతోబాటు మాబోటి గుమాస్తాల నెత్తికి వచ్చినదే సి-ఫారం.

బియ్యం విషయంలో కొన్నాళ్ళు మంచి ఏర్పాటు జరిగింది. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ నాలుగింటినీ కలిపి దక్షిణ ధాన్య మండలమన్నారు. మండలం లోపల బియ్యం స్వేచ్ఛగా తిరగవచ్చును. కొరత వచ్చిన 1964లో అది రద్దయి, యే రాష్ట్రానికి ఆ రాష్ట్రమే మండలమయింది. ఆంధ్రలో చుట్టాలున్న యిండ్లలో, మూట బియ్యం తెచ్చుకొనబోయి దారిలో దించుకున్న కథ యేదో ఒకటి వుండకపోదు. పెద్దలను అడిగి చూడండి.

సి-ఫారం సంగతి మాకు అనుభవం కనుక రెండు మాటలు యెక్కువ వ్రాస్తాము. బెంగుళూరు వర్తకుని వద్ద ధర్మపురి వర్తకుడు సరుకు కొంటే, కొన్నవాడు తన పన్నుల కచేరీ నుండి ఫారం తెచ్చి, నింపి, అమ్మినవానికి పంపవలెను. అది చేరితే తక్కువ పన్ను. చేరకపోతే పూర్తి పన్ను. మేము పనిచేసిన ఒకచోట పంపుసెట్టు విడిభాగాలు బెంగుళూరు నుండి వచ్చేవి. ఒక సంవత్సరం ఖాళీ ఫారాలు చేతికందటం ఆలస్యమయింది. తిరిగి తిరిగి చెప్పులరిగినవి. చివరకు మేము పంపిన ఫారంలో ఒక బిల్లు తేదీ తప్పుపడినది, వ్రాసినది మేమే. అమ్మినవాడు తేడా పన్ను కట్టి, దానిని మా యజమాని మీద వేసినాడు. యజమాని పెద్దమనిషి, జీతంలో కోయలేదు గాని, ఆ దీపావళికి మా చేతికి రావలసిన కవరు రాలేదు. పది మంది గుమాస్తాలున్న పెద్ద కంపెనీకి యీ కాగితం బరువు కాదు. ఇద్దరితో నడిచే కొట్టుకు బరువే. సరిహద్దు ఖర్చు రూపాయిలలోనే కాక తీరికలోనూ కట్టవలసి వుంటుందని మాకు అప్పుడు తెలిసింది.

2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చి, సి-ఫారాన్ని మన సరుకులలో చాలావాటికి కొట్టివేసింది. జూజువాడిలోను, అత్తిబెలెలోను లారీల బారులకు కారణమైన వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు యెత్తివేసినారు. 2018 ఏప్రిల్ నుండి యాభైవేల రూపాయలకు మించిన సరుకు రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు చాలు. దానిని గుమాస్తా తన కుర్చీలోనే కూర్చుని తీయవచ్చును. పాతకాలంతో పోలిస్తే యిది పెద్ద సుఖమని ఒప్పుకొనక తప్పదు. దీని వెనుక వున్న కిటుకు యేమంటే, పన్ను యెంతో యెవరికి వారు తేల్చుకోకుండా, కేంద్రమూ రాష్ట్రాలూ ఒక మండలిగా కూర్చుని తేల్చుకుంటాయి. అందుకే గీత చెరిగింది.

అయితే చెరిగినది పన్ను గీత మాత్రమే. పంట గీత అట్లాగే వున్నది.

2025 జూన్ 7న చిత్తూరు జిల్లా కలెక్టరు ఒక ఉత్తర్వు ఇచ్చినారు. ఇతర రాష్ట్రాల తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదు. సరిహద్దులలో రెవిన్యూ, పోలీసు, అటవీ, మార్కెటింగు శాఖలవారు కాపలా కాచినారు. తోతాపురి అంటే మనవైపు బెంగుళూరా అంటారే, ఆ ముక్కు కాయే. ఆంధ్రలో దానికి కలెక్టరు కాయ అని కూడ పేరు. కలెక్టరు కాయను కలెక్టరే ఆపినాడని మా వీధిలో నవ్వుకున్నారు గాని, తోటవారికి నవ్వు రాలేదు. గుజ్జుకు తప్ప ఆ కాయకు పెద్ద గిరాకీ లేదు. పండిన తరువాత నాలుగు రోజులు ఆగదు. జూన్ నెలలో ఒక వారం పోతే సంవత్సరం పోయినట్టే.

చిత్తూరు వారిది తప్పని మేము అనలేము. అక్కడి రైతూ మన రైతే, మన భాషవాడే. ఆ యేడు కాపు విరగకాసి ధర కూలిపోయింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిస్తే ప్రభుత్వం 4 కలిపి 12 చేస్తామన్నది. బయటి కాయ చవకగా వచ్చి పడితే ఆ 12 నిలబడదు. అది వారి వాదం. అవతల, కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతులు యేండ్ల తరబడి చిత్తూరు ఫ్యాక్టరీలనే నమ్ముకున్నవారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు జూన్ 11న ఆంధ్ర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారికి లేఖ వ్రాసి, ఉత్తర్వు ఉపసంహరించమని కోరినారు. దీనికి బదులుగా కూరగాయల రాకపోకలను అడ్డగిస్తామనే మాట రైతులలో పుట్టుతున్నదని కూడ అందులో హెచ్చరించినారు. కాయలకు కాయలు, కూరలకు కూరలు! అడ్డగింపులు మొదలైతే అన్ని దిక్కులకూ బండి కట్టే మనవంటి వారి గతి యేమిటి?

యిట్టి చిక్కు మనకే వచ్చినదని అనుకోనక్కరలేదు. బ్రిటను 2020 జనవరి 31న ఐరోపా యూనియను నుండి తొలగిపోయినప్పుడు ఉత్తర ఐర్లండుకు సరిగా మన స్థితే పట్టింది. రాజ్యం చూస్తే బ్రిటనుది, నేల చూస్తే ఐరోపా యూనియనులోనే వుండిపోయిన ఐరిష్ రిపబ్లిక్కుతో కలిసినది. నేల మీద గీత గీస్తే 1998లో కష్టపడి తెచ్చుకున్న శాంతి ఒప్పందానికి చేటు. అందుచేత గీతను సముద్రం మీదికి జరిపినారు. ఉత్తర ఐర్లండు సరుకు రెండు సంతలకూ సుంకం లేకుండా పోవచ్చును, కాని బ్రిటను నుండి అక్కడికి వచ్చే సరుకును రేవులో తనిఖీ చేయవలెను. విత్తనపు బంగాళాదుంపలు, మట్టి అంటిన పూలమొక్కలు కూడ ఆగిపోయినవి. అలిగిన ఒక పెద్ద పక్షం 2022 నుండి రెండేండ్లు అక్కడి శాసనసభను నడవనివ్వలేదు. 2023 ఫిబ్రవరిలో విండ్సర్ ఏర్పాటు అని ఒకటి కుదిరింది. దాని ప్రకారం ఉత్తర ఐర్లండులోనే అమ్ముడయ్యే సరుకుకు ఆకుపచ్చ దారి, అక్కడ నుండి రిపబ్లిక్కుకు పోయేదానికి యెర్ర దారి.

ఆ ఏర్పాటు గొప్పదని మేము అనటం లేదు, దానితో విసిగినవారు అక్కడ యిప్పటికీ వున్నారు. కాని గమనించవలసినది ఒకటున్నది. అది వ్రాతలో వున్నది. తగవు వస్తే ఇరుపక్షాలవారు కూర్చునే ఉమ్మడి సంఘమున్నది. యేది యే దారిన పోవచ్చునో వర్తకునికి ముందుగా తెలుస్తుంది. మన మామిడికి యేమున్నది? రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగవలెనన్నది. ఆ స్వేచ్ఛను కాపాడటానికి పార్లమెంటు ఒక అధికారిని గాని సంఘాన్ని గాని నియమించవచ్చునని 307వ అధికరణం. 1988లో సర్కారియా కమిషను అట్టి సంఘం పెట్టవలెనని సలహా ఇచ్చింది. యింతవరకు పెట్టలేదు. పన్నుకు మండలి వున్నది, పంటకు లేదు. అందుచేత గిట్టుబాటు ధర కావలసినప్పుడు యే జిల్లాకు ఆ జిల్లా కంచె వేసుకుంటుంది. ముఖ్యమంత్రి ముఖ్యమంత్రికి ఉత్తరం వ్రాస్తాడు. ఆ ఉత్తరం చేరి జవాబు వచ్చేలోపల కాయ మురిగిపోతుంది.

మా అభిప్రాయం, యేప్రిల్‌లో పిందె నిలిచినప్పుడే మూడు రాష్ట్రాల ఉద్యాన, మార్కెటింగు అధికారులు ఒకసారి కృష్ణగిరిలోనో కుప్పంలోనో కూర్చోవలెను. యే ఫ్యాక్టరీ యెంత కాయ కొనగలదు, యే జిల్లాలో యెంత దిగుబడి రానున్నది అన్న లెక్క బల్లమీద పెట్టుకొనవలెను. ఆపవలసివస్తే యే తేదీ నుండో నెల ముందు చెప్పవలెను. మన సంఘం వారు మహజరు ఒకటి తెలుగులోను తమిళంలోను వ్రాసి మూడు వైపులా పంపితే, వ్రాత పని మేము చేస్తాము.

కృష్ణగిరి ప్రక్కన తోటవున్న మా బంధువు ఒకరు ఆ జూన్‌లో కాయను స్థానిక ఫ్యాక్టరీ గేటు వద్ద లారీలో రెండు రోజులు నిలిపి, ఇచ్చిన ధరకు దించి వచ్చినారు. “యేం బావా, వచ్చే యేడు యెటు తోలతావు?” అని అడిగితే, వచ్చే యేడు సంగతి యెందుకు, సగం చెట్లు తలనరికి వేరు రకం అంటు కట్టిస్తానన్నారు. మళ్ళీ కాపు చూడటానికి మూడు నాలుగేండ్లు పడుతుంది. మేము చూడబోయినప్పుడు యే చెట్లు కొట్టవలెనో వాటికి సున్నం బొట్లు పెట్టించి వున్నారు.