కార్బురేటర్ విప్పబోతున్నారా? ఇవి మీకు తెలుసా?

ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఆర్‌ఎక్స్ 100నో, పాత బుల్లెట్‌నో మళ్లీ రోడ్డెక్కించాలంటే ముందుగా చెయ్యి పడాల్సింది కార్బురేటర్ మీదే. మొదటిసారి స్పానర్ పట్టేవాళ్ల కోసం కొన్ని సంగతులు.

• లీటరు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 9 వేల లీటర్ల గాలి కావాలి. బరువులో చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. ఈ లెక్కను కార్బురేటర్ కరెంటు లేకుండా, కంప్యూటర్ లేకుండా చూసుకుంటుంది. గొట్టం ఇరుకైన చోట గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తేడాకే అడుగు గిన్నెలోని పెట్రోలు సన్నని రంధ్రమున్న జెట్‌లోంచి పైకి లేచి గాలిలో కలుస్తుంది. నాకైతే ఇంతకంటే అందమైన యంత్రం బండిలో మరొకటి కనిపించదు.

• పెట్రోలును ఇలా చిమ్మే కార్బురేటర్‌కు 1893లో హంగరీ ఇంజినీర్లు దొనాత్ బాంకీ, యానోష్ చోంకా పేటెంట్ తీసుకున్నారు.

• జెట్ మీద చెక్కిన అంకె ఉత్త పార్టు నంబరు కాదు. డెల్ ఓర్టో జెట్ మీద 100 అని ఉంటే రంధ్రం సరిగ్గా 1 మిల్లీమీటరు, 102 అని ఉంటే 1.02 మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో వందో వంతు కూడా లెక్కలోకి వచ్చే చోట పిన్నీసు, ఇనుప తీగ పెట్టి పొడిస్తే ఏమవుతుంది? జెట్ ఇత్తడిది, మెత్తన. రంధ్రం సాగిపోయి బండి పెట్రోలు తాగడం మొదలుపెడుతుంది. నెలల తరబడి నిలవున్న పెట్రోలు ఆవిరై గోధుమరంగు జిగురు మిగులుతుంది. అది ముందు పూడ్చేది అన్నింటికంటే సన్నని పైలట్ జెట్‌నే. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. రంధ్రం అంచు చెదరకుండా గుండ్రంగా కనిపించాలి. కళ్లకు అద్దాలు మరవొద్దు, దగ్గర్లో నిప్పన్నది ఉండకూడదు.

• గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపులో ఉంచే ఇత్తడి ఫ్లోట్‌కు చిల్లు పడిందో లేదో తేల్చడానికి వేడినీళ్లు చాలు. ముందు చెవి దగ్గర పెట్టి ఊపండి, లోపల పెట్రోలు కదిలితే చప్పుడవుతుంది. తర్వాత పొయ్యికి దూరంగా, వేడినీళ్ల గిన్నెలో ముంచి పట్టుకోండి. లోపలి గాలి వ్యాకోచించి, చిల్లున్న చోట నుంచి సన్నని బుడగలు వరసగా లేస్తాయి. అలా లేస్తే కొత్తది వేయడమే మేలు. లోపల పెట్రోలు ఉండగా టంకం పెడితే పేలుతుంది.

• జపాన్ డిజైన్ కార్బురేటర్ల ప్లస్ స్క్రూలకు మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ సరిగ్గా కూర్చోదు. జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవర్ అడిగి తీసుకోండి. తల అరిగిపోయిన స్క్రూను ఊడదీయడం మిగతా పనంతటికంటే కష్టం.

• మిక్స్చర్ స్క్రూ విప్పేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోవాలి. గట్టిగా బిగిస్తే మొన దెబ్బతింటుంది. ఈ స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే లోపలికి తిప్పినప్పుడు పెట్రోలు పాలు పెరుగుతుంది. ఇంజిన్ వైపు ఉంటే తగ్గుతుంది. ఒకే పని, ఫలితం మాత్రం తలకిందులు!

• నీడిల్ మీది క్లిప్‌ను ఒక్క గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోలు ఎక్కువ వెళ్తుంది. దీని ప్రభావం సగం యాక్సిలరేటర్ దగ్గర బాగా తెలుస్తుంది. పూర్తిగా తిప్పినప్పుడు పెత్తనం మెయిన్ జెట్‌ది.

• క్లీనర్ కొట్టేముందు ఓ-రింగులు, రబ్బరు భాగాలు తీసి పక్కన పెట్టాలి. లేకపోతే ఉబ్బుతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిపిన పెట్రోలు కూడా పాత రబ్బరును తింటుంది, తేమను పీల్చుకుంటుంది. రిపేర్ కిట్ కొనేటప్పుడు అందులోని రబ్బరు ఇథనాల్‌ను తట్టుకునేదేనా అని అడగండి.

• లడఖ్ వెళ్లే పాత బళ్లకు చిన్న మెయిన్ జెట్ వేసేది ఎందుకంటే, సుమారు 3,500 మీటర్ల ఎత్తున్న లేహ్‌లో గాలి సాంద్రత మైదానంలో కంటే మూడో వంతు దాకా తక్కువ. అదే జెట్‌తో నడిపితే నల్లపొగే.

• అంతా బిగించి కొంతదూరం నడిపాక స్పార్క్ ప్లగ్ విప్పి చూడండి. లేత గోధుమరంగు ఉంటే మిశ్రమం కుదిరినట్టే. నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు తక్కువ. టూ స్ట్రోక్ బండిని ఆ స్థితిలో లాగిస్తే పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి అక్కడే ఆపి, ఎక్కడైనా గ్యాస్కెట్ దగ్గర గాలి లీకవుతోందేమో వెతకండి.