కారు స్టార్టు చేయునప్పుడు క్లచ్చి త్రొక్కవలెనా?

మన షెడ్డులలోని ఉస్తాదులను అడిగినచో ఈ ప్రశ్నకు రెండు సమాధానములు లభించును. ఒకరు తప్పక త్రొక్కమందురు. మరొకరు గేరు న్యూట్రల్‌లో నున్నప్పుడు ఆ శ్రమ యెందుకందురు. ఇరువురి మాటలోను నిజమున్నది గాని ఆ రెండు నిజముల బరువు సమానము కాదు.

1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చబడినది. దానిని రూపొందించినవాడు చార్లెస్ కెటరింగ్. అంతకుముందు ఇనుప హ్యాండిలు దూర్చి ఇంజనును చేతితో త్రిప్పవలసి యుండెను. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విరిగెడిది. నేడు ఆ పని చేయునది ఒక చిన్న మోటారు. తాళపుచెవి త్రిప్పగానే దాని పళ్ళచక్రము ఫ్లైవీలు అంచుననున్న పెద్ద పళ్ళచక్రమును పట్టుకొని ఇంజనును త్రిప్పును. ఆ క్షణమున 12 వోల్టుల బ్యాటరీనుండి నూరు ఆంపియర్లకు పైబడిన విద్యుత్తు ప్రవహించును.

ఫ్లైవీలు వెనుక క్లచ్చి, దాని వెనుక గేరుబాక్సు. క్లచ్చి త్రొక్కనిచో, న్యూట్రల్‌లో సైతము గేరుబాక్సులోని కొన్ని ఇరుసులు చిక్కని నూనెలో తిరుగుచునే యుండును. హైదరాబాదు ఎండలో ఆ భారము లెక్కకు రాదు. శ్రీనగరు చలికాలపు ఉదయమున, బ్యాటరీ నీరసించియున్నప్పుడు, ఇంజను లేచుటకును లేవకపోవుటకును అదే కారణము కావచ్చును.

త్రొక్కవద్దనువారి వాదము కొట్టివేయదగినది కాదు. క్లచ్చి త్రొక్కినప్పుడు ఆ ఒత్తిడి క్రాంకుషాఫ్టును ముందుకు నెట్టును. ఆ నెట్టును భరించు బేరింగునకు, రాత్రియంతయు ఆగియున్న ఇంజనులో, నూనె వెంటనే అందదు. ఆ ఒకటి రెండు క్షణములు అరుగుదల కలుగును. పాత ట్రయంఫ్ కార్లలో ఈ భాగము అరుగుట పేరుపడిన లోపమే.

అయినను అరిగిన బేరింగును మార్చవచ్చును. రెండవ వైపునున్నది మనిషి ప్రాణము. వాలు ప్రదేశమున కారు నిలుపునప్పుడు హ్యాండ్ బ్రేకుతోపాటు గేరు వేసి యుంచుట మంచి అలవాటు: ఎగువకు ముఖముంచినచో మొదటి గేరు, దిగువకైనచో రివర్సు. తండ్రి అట్లు నిలిపిన కారును మరునాడు కుమారుడు తీయును. గేరు సంగతి చూడక, క్లచ్చి త్రొక్కక తాళము త్రిప్పినచో స్టార్టరు మోటారే చక్రములను త్రిప్పును. కారు ఎగిరి ముందుకో వెనుకకో దూకును. ఇరుకు సందులో ఆ రెండడుగుల దూరమున ఆడుకొను పిల్లవాడో, గోడవారగా నిలిచిన వృద్ధుడో ఉండవచ్చును. బయట నిలిచి కిటికీలోనుండి చేయి చాచి తాళము త్రిప్పువారిని చూచినప్పుడెల్ల నాకు భయము కలుగును.

కావున గేరు కఱ్ఱను అటునిటు కదిపి న్యూట్రల్ అని తెలిసికొని, బ్రేకుపై ఒక కాలుంచి, రెండవ కాలితో క్లచ్చిని పూర్తిగా త్రొక్కి తాళము త్రిప్పవలెను. ఒకదానిని మరచినను రెండవది కాపాడును. ఇంజను లేచిన పిదప క్లచ్చిని మెల్లగా వదలవలెను. కారు కొంచెము కదలినచో గేరు పడియున్నదని యర్థము.

క్లచ్చి త్రొక్కనిదే స్టార్టరు తిరుగని ఏర్పాటు నేడు అనేక కార్లలో కలదు. దీనివలన ఒక చిన్న నష్టము లేకపోలేదు. పాత కారు రైలుపట్టాలపై ఆగిపోయినచో, మొదటి గేరు వేసి, క్లచ్చి వదలి, స్టార్టరు బలముతోనే నాలుగు గజములు జరుపుకొనవచ్చును. కొత్త కారులో ఆ వీలు లేదు. లోనివారిని ముందుగా దింపి, వ్యవధి యున్నచో న్యూట్రల్‌లో త్రోయవలసినదే.