చక్కెర లేని తీపి

కదిరి చెంతనున్న గాండ్లపెంట వేరుశనగ పండే సీమ. వేరుశనగపప్పు, బెల్లం కలిపి కట్టిన ఉండలు అక్కడి పల్లెలకు తరతరాల తీపి. మధుమేహం గలవారికి ఆ తీపి దూరమవుతుంది. అట్టివారిని ‘షుగర్ ఫ్రీ’ అని ముద్రించిన బిస్కెట్లు, చాక్లెట్లు ఆకర్షిస్తాయి. వాటిలో అనేకం చక్కెరకు బదులుగా మాల్టిటాల్, సార్బిటాల్, జైలిటాల్ వంటి ‘చక్కెర ఆల్కహాళ్ల’తో తయారవుతాయి. ఇవి మత్తు పదార్థాలు కావు. రసాయన నిర్మాణాన్ని బట్టి వచ్చిన పేరది.

ఒక గ్రాము చక్కెర 4 కిలో కేలరీల శక్తినిస్తే, జైలిటాల్ సుమారు 2.4 మాత్రమే ఇస్తుంది. చిన్నప్రేవు దానిని పూర్తిగా గ్రహించలేదు. కనుక రక్తంలో గ్లూకోజు అంతగా పెరగదు. దంతాలను పుచ్చజేసే సూక్ష్మజీవులు సైతం దానిని ఆమ్లంగా మార్చుకోలేవు. ఇది మేలు.

అయితే జీర్ణం కాక మిగిలిన భాగం పెద్దప్రేవును చేరి నీటిని లాగుతుంది. అక్కడి బాక్టీరియా వలన పులిసి వాయువును పుట్టిస్తుంది. మితిమీరి తిన్నచో కడుపుబ్బరం, విరేచనాలు కలుగుతాయి. అందుకే వీటి పాలు ఎక్కువగా ఉన్న పొట్లాలపై ఆ హెచ్చరిక ముద్రించాలని మన దేశ ఆహార నిబంధనలు చెబుతున్నాయి. రక్తంలో ఎరిత్రిటాల్ అధికంగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయని 2023లో ఒక పరిశోధన తెలిపింది. అదే కారణమని మాత్రం నిర్ధారణ కాలేదు.

పైగా మాల్టిటాల్ రక్తంలో గ్లూకోజును కొంత పెంచుతుంది. బిస్కెట్టులోని పిండి, కొవ్వు ఎలాగూ ఉండనే ఉంటాయి. కాబట్టి మధుమేహం గలవారు పొట్లం ముందున్న పెద్ద అక్షరాలతో తృప్తిపడక, వెనుకనున్న చిన్న అక్షరాలను కూడా చదవాలి. చక్కెర లేకపోవడం వేరు, హాని లేకపోవడం వేరు.