నల్లరేగడి పెరటికి వరిగడ్డి కప్పు: అపోహలు – వాస్తవాలు

నల్లరేగడిలో బంకమట్టి పాలు చాలాచోట్ల 40 నుంచి 60 శాతం దాకా ఉంటుంది. అందులోని స్మెక్టైట్ జాతి ఖనిజాలు నీరు పీల్చి ఉబ్బుతాయి, ఎండితే కుంచించుకుపోతాయి. వానల్లో కాలికి ముద్దగా అంటే మట్టి వేసవిలో నెర్రెలు విచ్చేది అందుకే. ఇలాంటి పెరటి నేలకు వరిగడ్డి చవకైన, నమ్మదగిన మందు. దాని చుట్టూ అల్లుకున్న నమ్మకాలే పని చెడగొడుతున్నాయి.

అపోహ: గడ్డిని మట్టిలో కలిపి తవ్వితేనే నేల గుల్లబారుతుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. వరిగడ్డిలో నత్రజని ఒక పాలైతే కర్బనం 60 పాళ్లకు అటూ ఇటూగానో అంతకు మించో ఉంటుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25 పాళ్ల దగ్గరుంటే చాలు. అందుకే లోపల కలిపిన గడ్డి కోసం అవి నేలలోని నత్రజనిని లాక్కుంటాయి. కొన్ని వారాలపాటు వంగ, మిరప ఆకులు పాలిపోతాయి. పైన పరిచినప్పుడు ఈ లాగుడు గడ్డి నేలను తాకే పలుచని పొరతోనే ఆగుతుంది. పైగా తడి రేగడిని తవ్వితే అది ఎండాక రాయిలాంటి పెళ్లలవుతుంది.

పైనున్న గడ్డి లోపలి మట్టినీ మారుస్తుంది. చినుకు నేరుగా తగిలితే మట్టి కణికలు చిట్లి, సన్నని రేణువులు రంధ్రాలను పూడ్చి, పైన పెచ్చు కడుతుంది. గడ్డి ఆ దెబ్బ కాచుకుంటుంది, పదును నిలుపుతుంది. ఆ చల్లదనానికి చేరిన వానపాములు చివికిన ముక్కలను కిందికి లాక్కెళ్తాయి. వాటి బొరియల గుండా నీరు, గాలి దిగుతాయి. శిలీంధ్రాల పోగులు, సూక్ష్మజీవుల జిగురు రేణువులను మళ్లీ కణికలుగా కూరుస్తాయి. తవ్వకం పని ఈ ప్రాణులకే వదిలేయడం మేలు.

అపోహ: ఒక్క పంటకే నేల మారిపోతుంది.

వాస్తవం: వరిగడ్డిలో సిలికా ఎక్కువ, నెమ్మదిగా చివుకుతుంది. మార్పు ముందు పై రెండు మూడు అంగుళాల్లోనే కనిపిస్తుంది. ఏటేటా కప్పాల్సిందే. బంకమట్టి శాతం ఎప్పటికీ తగ్గదు, దాని అమరికే మారుతుంది.

అపోహ: నాలుగు తట్టల ఇసుకో, కాస్త జిప్సమో చాలు.

వాస్తవం: మొత్తం మట్టిలో ఇసుక సగం దాటితే తప్ప గుణం మారదు, తక్కువైతే బంకలో చిక్కి ఇంకా బిగుస్తుంది. జిప్సం ఫలితమిచ్చేది సోడియం ఎక్కువైన చౌడు నేలల్లో.

అపోహ: ఎంత మందంగా కప్పితే అంత మేలు.

వాస్తవం: వదులుగా మూడు నాలుగు అంగుళాలు చాలు. ముందు నేలను బాగా తడపాలి. పొడి నేలపై కప్పితే చిన్న జల్లులు గడ్డిలోనే ఆగిపోతాయి. నీరు నిలిచే పెరట్లో ఎత్తు మడులు కట్టాకే కప్పాలి.

చెదలు, నత్తలు చేరతాయన్న భయం మాత్రం పూర్తిగా అపోహ కాదు. గడ్డిని ఇంటి గోడకు ఆనించకుండా, మొక్క మొదలుకు నాలుగు వేళ్ల ఎడం వదిలి, వానాకాలంలో అప్పుడప్పుడు ఎత్తి చూసి నత్తలను ఏరివేయాలి.