మొక్కలకూ ఒక వోచరు

బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడు సంతకం నమూనా తీసుకుంటాం. ఎన్నేళ్ళ తరువాత చెక్కు వచ్చినా, అనుమానం కలిగితే ఆ కార్డు తీసి సరిచూస్తాం. వృక్షశాస్త్రంలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. దాన్ని హెర్బేరియం అంటారు. అంటే ఎండబెట్టిన మొక్కల భాండాగారం అన్నమాట.

పూతో కాయో ఉన్న కొమ్మను కాగితాల మధ్య అదిమి ఎండబెడతారు. పురుగు పట్టకుండా మందు వేసి దళసరి షీటు మీద అతికిస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు సేకరించారో మూలన చీటీ మీద రాస్తారు. స్థానికులు పిలిచే పేరు తెలిస్తే అదీ చేరుస్తారు. కొత్త జాతికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు ఒక షీటును ఆ పేరుకు ఆధారంగా నిర్ణయిస్తారు. అది ‘టైపు’ నమూనా. రేపు పేరు మీద వివాదం వస్తే దాన్నే తీసి చూస్తారు. ఇక పరిశోధనకు వాడిన మొక్క తాలూకు షీటును వాళ్ళూ ‘వోచరు’ అనే అంటారు!

దీని అవసరమేమిటంటారా? నేలఉసిరినే తీసుకోండి. తమిళులకది కీళానెల్లి, కన్నడిగులకు నెలనెల్లి, మరాఠీవారికి భుయి ఆవళా. పైగా చూడటానికి ఒకేలా ఉండే రెండుమూడు జాతులు అదే పేరుతో బజారుకు వస్తాయి. మందు కోసం పరీక్షించినది వాటిలో ఏదో రుజువు చేసేది ఆ షీటే.

1840లలో ఐర్లండులో బంగాళాదుంప పంటను నాశనం చేసి మహాకరువు తెచ్చిన తెగులు ఏ రకానిదో 2013లో తేల్చారు. అందుకు పనికివచ్చినవి పందొమ్మిదో శతాబ్దిలో ఎండబెట్టి దాచిన తెగులు ఆకులే. దాచినవారికి డి.ఎన్.ఎ. అన్న మాటే తెలియదు!

1943లో బాంబుదాడికి బెర్లిన్ హెర్బేరియంలో చాలాభాగం కాలిపోయింది. ఎన్నో టైపు నమూనాలు బూడిదయ్యాయి. అంతకుముందే వేరే ఊళ్ళకు పంపిన జంట నమూనాలే తరువాత దిక్కయ్యాయి.

మన పాత మద్రాసు రాజధాని మొక్కల ఖజానా కోయంబత్తూరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. పేరు మద్రాస్ హెర్బేరియం. షీట్లు రెండు లక్షలకు పైనే.

మీ పిల్లలు బడి కోసం ఆకులు అతికిస్తుంటే, పక్కన ఊరు, తేదీతోపాటు బామ్మగారు చెప్పే తెలుగు పేరూ రాయించండి. పరాయి గడ్డ మీద ఆ పేర్లు మనం రాసుకోకపోతే మన తరంతోనే పోతాయి.